లేని చెట్టు చుట్టూ మలుపు

దారి అడిగితే ఓజ్బోల్ట్ ఊళ్ల పేర్లు చెప్పడు,
రాళ్ల సైజు చెబుతాడు.
"మొదటి ఎనిమిది కిలోమీటర్లూ శనగగింజ కంకర,
టైర్లో గాలి కాస్త తగ్గించు.
రంపపు మిల్లు దాటాక కోడిగుడ్లు.
అక్కడ హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకు,
పట్టుకున్నావో, అది నిన్ను పట్టుకుంటుంది."

ముప్ఫై ఒక్క ఏళ్లు అడవి శాఖలో గ్రేడర్ తోలినవాడు.
కొచెవ్యే కొండల్లో ఏ కంకర దారైనా
ఏడాదికి రెండుసార్లు
అతని ఇనుప రెక్క కింద పడుకుని లేచిందే.
సైకిలు మాత్రం ఎక్కడు.
"ఆరు చక్రాలే జారే చోట
రెండింటితో నీకేం పని?"
అంటూనే, నా రిపేరు షాపులో స్టూలు మీద కూర్చుని
ఎవరిదో బ్రేకుల బిల్లు వెనక
పెన్సిలుతో గీశాడు దారి.
నిటారుగా వస్తూ వస్తూ గీత
ఒకచోట చిటికెన వేలంత వంగి
మళ్లీ నిటారయింది.
చెయ్యి వణికిందనుకున్నాను.

సెప్టెంబరు. తెల్లారీ తెల్లారకముందే బయల్దేరాను.
బీచ్ చెట్ల మధ్య పొగమంచు
ఆరేసి మరిచిపోయిన దుప్పట్లా వేలాడుతోంది.
శనగగింజలు టైరు కింద చిటపటమన్నాయి,
పోపు గిన్నెలో ఎవరో గరిటె తిప్పుతున్నట్టు.
దారి పక్కన దుంగల గుట్టలు,
ఒక్కో దుంగ నుదుటి మీదా ఎర్రరంగు అంకె.
మలుపు మలుపుకీ గంట కొట్టాను,
ఎలుగుబంటికి హఠాత్తుగా ఎదురుపడటం మర్యాద కాదు.
అది అప్పటికే వెళ్లిపోయింది,
నేరేడు రంగు పళ్ల గింజలతో
ఒక పచ్చి సంతకం నడిదారిలో వదిలి.

ఎక్కుడు.
ఇక పైన గేరు లేదు, కింద గేరూ లేదు,
ఉన్నవి రెండు మోకాళ్లు, ఒక తిట్టు.
ఆ తిట్టును కూడా సగం చేసి వాడుకున్నాను.

మిల్లు దాటాక కోడిగుడ్లు. అవి పొదిగి పెరిగినట్టున్నాయి.
వెనక చక్రం రెండుసార్లు నవ్వింది,
మూడోసారి నన్ను పక్కకు కూర్చోబెట్టింది.
మోచేతి మీద కంకర తన అచ్చు వేసుకుంది.

ఆపైన కొండ నెత్తిన చదును.
దారి దారం లాగి కట్టినట్టు తిన్నగా పోతోంది.
పోతూ పోతూ, ఏ కారణమూ లేకుండా
ఎడమకు ఒంగి, దేన్నో చుట్టి
తిరిగి తన వరసలో పడింది.
రాయి లేదు. గుంట లేదు. వాగు లేదు.
మధ్యలో మోకాలెత్తు గడ్డి, అంతే.
అడ్డంగా కోస్తే నాలుగు మీటర్లు కలిసొస్తాయి.
కానీ గడ్డిలో ఒక్క చక్రం జాడా లేదు,
దుంగల లారీలు కూడా చుట్టే తిరిగి పోయాయి.

పుట్టగొడుగుల బుట్టతో తోంచ్కా కనిపించింది.
"అక్కడ పియరు చెట్టు ఉండేది" అంది,
చాకుతో ఒక కాడ గీకుతూ.
"యుద్ధం నాడు ఈ ఊరంతా మూటలు కట్టుకుని పోయింది.
పునాదులు అదిగో, రేగడి తీగల కింద.
చెట్టు మాత్రం ఎవరికి కాస్తోందో తెలీకుండానే కాసేది.
దారి తిన్నగా రావాలి, కొట్టెయ్యమన్నాడు ఇంజనీరు.
ఓజ్బోల్ట్ రంపం మర్చిపోయానన్నాడు.
ఆరేళ్లు మర్చిపోయాడు.
ఇంజనీరే బదిలీ అయిపోయాడు."

"మరి చెట్టేదీ?"

"ఒక చలికాలం కొమ్మకొమ్మకీ మంచుగడ్డ పట్టి విరిగిపోయింది.
ఆ తర్వాత కూడా నాలుగేళ్లు
అతను దాని చుట్టే తోలాడు."
అని, చాకు మడిచి, లోయలోకి దిగిపోయింది.

నేనూ చుట్టే తిరిగాను.
గంట కొట్టాను కూడా. ఎందుకో అడక్కండి.

సాయంత్రం షాపు తలుపు తీసేసరికి
ఓజ్బోల్ట్ మెట్టు మీద ఉన్నాడు.
నా మోచెయ్యి చూసి ఏమీ అనలేదు.
"రాళ్లెలా ఉన్నాయి?"
"నీ కోడిగుడ్లు బాతుగుడ్లయ్యాయి."
ముఖం ముడుచుకుపోయింది.
"ఈ ఏడు ఎవరూ రెక్క దించలేదన్నమాట.
వసంతంలోనైనా ఎవరో ఒకరు తోలాలి."
మెట్టు మీదనుంచి లేవకుండానే
రెండు చేతులూ ముందుకు చాచాడు,
లేని స్టీరింగు మీద.
కాసేపు తిన్నగా.
తర్వాత, కొంచెం ఎడమకు.